తెల్ల అంచుల ఐవీ: బెంగళూరు బాల్కనీలో, ఇంట్లో, పెరట్లో పెంచే పద్ధతి

మొదట కొన్న ఐవీ నా దగ్గర ఏడు వారాలే బతికింది. ఆకుల అంచులు గోధుమరంగుకి తిరుగుతుంటే నీళ్ళు చాలడం లేదేమో అనుకుని రోజూ పోశాను. అత్తయ్య వచ్చి ఉన్న రోజుల్లో ఆవిడ కూడా తులసికి పోయగా చెంబులో మిగిలినవి దీనికి పోసేవారు. చివరికి కుండీలోంచి లాగి చూస్తే వేర్లు నల్లగా, నానబెట్టిన చింతపండు పీచులా వేళ్ళకి అంటుకుని ఊడొచ్చాయి, మురుగు వాసన కూడా. మా అపార్ట్‌మెంట్ తోటమాలి చూసి ఒక్క మాటే అన్నాడు: "నీరు జాస్తి ఆయ్తు మేడమ్." నీళ్ళు ఎక్కువైపోయాయని.

ఆ తర్వాత కొన్నది ఇప్పుడు నాలుగో ఏట ఉంది. సర్జాపూర్ రోడ్డు వైపు, నాలుగో అంతస్తులో, తూర్పు బాల్కనీ గ్రిల్ నిండా అల్లుకుంది, దాని ముక్కల నుంచి వచ్చిన పిల్ల మొక్కలు బ్లాకులో అయిదారు ఇళ్ళకి వెళ్ళాయి. మొదటిదానికీ దీనికీ మధ్య నేను మార్చింది ముఖ్యంగా ఒక్క అలవాటే: వేరుకి పోసే నీళ్ళు తగ్గించాను, ఆకుకి పోసే నీళ్ళు పెంచాను. కింద రాసిన వివరాల్లో సగానికి పైగా దీని చుట్టూనే తిరుగుతాయి.

అసలు ఇది ఏ మొక్క

నర్సరీలో ఐవీ అని అడిగితే మూడు నాలుగు రకాల తీగలు చూపిస్తారు. మనీ ప్లాంట్‌ని కూడా కొందరు ఐవీ అనే పిలుస్తారు, గోడలకి పాకే చిన్నాకుల క్రీపింగ్ ఫిగ్‌ని చూపించి ఇదే ఐవీ అంటారు. అవి వేరే మొక్కలు. మనం మాట్లాడుకుంటున్నది ఇంగ్లిష్ ఐవీ, శాస్త్రీయ నామం హెడెరా హెలిక్స్. ఆకు మూడు నుంచి అయిదు కోణాలతో నక్షత్రంలా ఉంటుంది, కాండం సన్నగా, పుల్లలా గట్టిగా ఉంటుంది, కణుపుల దగ్గర బ్రష్ వెంట్రుకల్లాంటి చిన్న వేర్లు కనిపిస్తాయి. ఆకు మరీ మందంగా, మైనం పూసినట్టు ఉండి, కాండం నీరు పట్టినట్టు మెత్తగా ఉంటే అది వ్యాక్స్ ఐవీ అయ్యుండొచ్చు. చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది కానీ దాని నీటి అవసరం ఇంకా తక్కువ.

హెడెరా హెలిక్స్ యూరప్, పశ్చిమాసియా ప్రాంతాల మొక్క. అడవుల్లో పెద్ద చెట్ల నీడన నేలమీద పాకుతూ, చెట్టు దొరికితే పైకి ఎక్కుతూ పెరుగుతుంది. దానికి నచ్చే ఉష్ణోగ్రత ఇంచుమించు 10 నుంచి 24 డిగ్రీలు. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి బెంగళూరులో జూన్ నుంచి ఫిబ్రవరి దాకా దీనికి ఇబ్బంది ఉండదు. కష్టమంతా మార్చి, ఏప్రిల్, మే నెలల్లోనే. చెన్నైలో ఉండే మా పిన్ని ఒక ముక్క పంపమని ఏడాదికోసారి అడుగుతుంది. నేను పంపను. అక్కడ మే నెలలో రాత్రులు కూడా చల్లబడవు, ఈ మొక్కకి రాత్రి చల్లదనం లేకపోతే కోలుకునే సమయమే దొరకదు. చెన్నైలో ఉన్నవాళ్ళకి ఇలాంటి తెలుపు-ఆకుపచ్చ తీగే కావాలంటే తెల్ల చారల మనీ ప్లాంట్, మార్బుల్ క్వీన్ అనే రకం, హాయిగా పెరుగుతుంది.

తెల్ల అంచులు ఎందుకొస్తాయో తెలిస్తే సగం పని తేలికవుతుంది. ఆకులో తెల్లగా లేదా పసుపుగా ఉన్న భాగంలో పత్రహరితం ఉండదు, లేదా బాగా తక్కువ. అంటే ఆ భాగం తిండి తయారు చేయదు, ఆకుపచ్చ భాగం సంపాదన మీదే బతుకుతుంది. అందుకే పూర్తి ఆకుపచ్చ ఐవీ కంటే ఇది నెమ్మదిగా పెరుగుతుంది, దానికంటే ఎక్కువ వెలుతురు అడుగుతుంది, ఎరువు, నీళ్ళు మాత్రం తక్కువే వాడుకుంటుంది. ఈ మూడూ గుర్తుంటే చాలు.

కొనేటప్పుడు

లాల్‌బాగ్ దగ్గర సిద్ధాపుర నర్సరీల్లో, హోసూరు రోడ్డు, సర్జాపూర్ రోడ్డు పక్కన నర్సరీల్లో దొరుకుతుంది. జనవరిలో, ఆగస్టులో లాల్‌బాగ్ ఫ్లవర్ షోకి ఎలాగూ వెళ్తారు కదా, అప్పుడూ చూడొచ్చు. ఊరి నుంచి కారులో వచ్చేటప్పుడు కడియం నర్సరీల నుంచి తెచ్చుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఎక్కడ కొన్నా కుండీ మీద రకం పేరు ఉండటం అరుదు, కాబట్టి ఆకు చూసి గుర్తుపట్టాలి. బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ మీద సన్నని తెల్ల అంచు ఉంటే గ్లేసియర్. పసుపు అంచు ఉంటే గోల్డ్‌చైల్డ్. మధ్యలో పసుపు, చుట్టూ ముదురాకుపచ్చ ఉంటే గోల్డ్‌హార్ట్. ఇది ఆకుపచ్చకి తిరిగిపోవడంలో ముందుంటుంది, కుండీలో అంత అందంగా గుబురుకట్టదు. అరచేయంత పెద్ద ఆకు, మీగడరంగు అంచు ఉంటే గ్లోరీ డి మరెంగో, ఇది అల్జీరియా ఐవీ. వేడిని మిగతావాటికంటే కాస్త బాగా తట్టుకుంటుంది కాబట్టి పెరట్లో వేద్దామనుకునేవాళ్ళు దొరికితే ఇదే తీసుకోండి. మొదటిసారి పెంచేవాళ్ళకి నా సలహా మాత్రం గ్లేసియరే.

మొక్క చేతికి తీసుకోగానే ఆకు తిప్పి అడుగు చూడండి. ఆకు కాడ కాండాన్ని కలిసే సందులో సన్నని సాలెగూడు దారాలు కనిపిస్తే ఎంత నిండుగా ఉన్నా వదిలేయండి. తెచ్చిన మొక్కని రెండు వారాలు మిగతా మొక్కలకి దూరంగా ఉంచాలి, ఎందుకో కింద ఎర్రనల్లి అనే పురుగు గురించి చెప్పినప్పుడు అర్థమవుతుంది. తెచ్చిన రోజే కుండీ మార్చకండి, చోటు మారిన బెదురుకి వేరు కదిలిన బెదురు కూడా తోడైతే ఆకులు రాల్చేస్తుంది. పది రోజులాగి మార్చండి.

మట్టి, కుండీ

బెంగళూరు ఎర్రమట్టి ఒక్కటే వేస్తే వానకి బురద, ఎండకి ఇటుక. నేను కలిపే పాళ్ళు ఇవి: ఎర్రమట్టి రెండు వంతులు, కొబ్బరి పొట్టు రెండు వంతులు, వర్మీ కంపోస్ట్ ఒక వంతు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) లేదా ముతక ఇసుక ఒక వంతు. గుప్పెట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తడితే పొడిపొడిగా విడిపోవాలి. కొబ్బరి పొట్టు ఇటుకల్లా దొరుకుతుంది, దాన్ని నానబెట్టి ఒకట్రెండు సార్లు కడిగి పిండి వాడండి, అందులో ఉప్పు ఉంటుంది.

కుండీ పెద్దదైతే మొక్క పెద్దదవుతుందని చాలామంది అనుకుంటారు, ఐవీకి ఇది వర్తించదు. ఇప్పుడున్న కుండీ కంటే అంగుళం, మహా అయితే రెండంగుళాలు వెడల్పు చాలు. పెద్ద కుండీలో వేరు చేరని మట్టి రోజుల తరబడి తడిగా ఉండిపోతుంది, కుళ్ళు అక్కడే మొదలవుతుంది. నీళ్ళు పోయకుండా చేయి ఆగనివాళ్ళు మట్టి కుండీ తీసుకోండి, పక్కల నుంచి కూడా తడి ఆరిపోతుంది. అడుగున రంధ్రం లేని అందమైన పింగాణీ కుండీ ఉంటే మొక్కని ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి దాన్ని అందులో దించండి, నీళ్ళు పోసేటప్పుడు బయటికి తీయండి.

కుండీ మార్చడానికి ముందు రోజు నీళ్ళు పోసి పెట్టుకుంటే మట్టి గడ్డ చెదరకుండా వస్తుంది. బోర్లించి అడుగున తట్టి బయటికి తీశాక వేర్లు చుట్టూ తిరిగి అల్లుకుపోయి ఉంటే వేళ్ళతో కొద్దిగా వదులు చేయండి, నల్లగా మెత్తగా ఉన్నవి కత్తిరించేయండి. పాత కుండీలో ఎంత లోతున ఉందో అంతే లోతున పెట్టాలి, కాండాన్ని పాతిపెట్టకూడదు. ఒకసారి నిండుగా నీళ్ళు పోసి, వారం రోజులు నీడపట్టున ఉంచి, అప్పుడు దాని చోటికి మార్చండి. నర్సరీ కుండీలో సాధారణంగా నాలుగైదు మొక్కలు కలిపి నాటి ఉంటాయి, వాటిని విడదీయాల్సిన పని లేదు, గుబురుగా ఉండేది అందుకే.

వెలుతురు

తూర్పు బాల్కనీ అన్నింటికంటే మంచిది, ఉదయం తొమ్మిది, తొమ్మిదిన్నర దాకా లేత ఎండ తగలనివ్వండి. ఉత్తరం కూడా ఫరవాలేదు. పడమర, దక్షిణం అయితే గ్రిల్‌కి గ్రీన్ నెట్ కట్టాల్సిందే. మధ్యాహ్నం ఎండ పడితే ముందు తెల్ల భాగమే కాలిపోతుంది, కాగితం కాలినట్టు గోధుమరంగై పెళుసుబారుతుంది. కాలిన భాగం మళ్ళీ పచ్చబడదు.

ఇంట్లో అయితే కిటికీకి మూడు నాలుగడుగుల లోపు పెట్టండి. మధ్యాహ్నం పూట మొక్క మీద చెయ్యి ఆడించి చూస్తే నీడ అంచులు మసకగానైనా తెలియాలి. అసలు నీడే పడకపోతే ఆ చోటు దీనికి చాలదు. వెలుతురు తక్కువైన చోట కొత్త ఆకులు చిన్నగా, దూరదూరంగా, తెలుపు తగ్గి వస్తాయి. టీవీ పక్కన మూలలో పెట్టి రెండు నెలలకి "దీని తెల్ల అంచు పోయింది" అని అడిగేవాళ్ళు నాకు చాలామంది తగిలారు, కారణం ఇదే. ఏసీ గాలి సూటిగా తగిలే చోటా వద్దు, ఫ్రిజ్ పైనా వద్దు.

తెల్ల అంచు ఆకుల మధ్య పూర్తి ఆకుపచ్చ కొమ్మ ఒకటి వచ్చిందంటే వెంటనే చూసుకోండి. దానికి పత్రహరితం ఎక్కువ, కాబట్టి మిగతా కొమ్మల కంటే వేగంగా పెరిగి మొక్కనంతా ఆక్రమిస్తుంది. ఆ కొమ్మ వెంట వెనక్కి వెళ్ళి, చివరిసారి తెల్ల అంచు ఆకు ఎక్కడుందో ఆ కణుపు పైన కత్తిరించేయండి. పూర్తి తెల్ల కొమ్మ కూడా అప్పుడప్పుడు వస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది, దాన్ని తుంచి విడిగా పెంచుదామనిపిస్తుంది, కానీ తనంతట తాను తిండి చేసుకోలేదు కాబట్టి వేరు కొట్టినా నిలవదు. తల్లి మొక్క మీద ఒకటి రెండుంటే ఉండనివ్వండి.

వేరుకి నీళ్ళు

వారానికి ఇన్నిసార్లు అని రాయమని అడుగుతారు. నా బాల్కనీ లెక్క చెప్తాను, మీది వేరుగా ఉండొచ్చు: మార్చి నుంచి మే దాకా రెండు మూడు రోజులకోసారి, వానాకాలంలో అయిదారు రోజులకోసారి, డిసెంబరు, జనవరిలో వారానికోసారి. కానీ రోజు లెక్కని నమ్మకండి, వేలిని నమ్మండి. చూపుడు వేలు మొదటి కణుపు దాకా మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి. పోసినప్పుడు అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోసి, అరగంటాగి పళ్ళెంలో నిలిచినవి పారబోయండి. ఇంకో పద్ధతి, నీళ్ళు పోసిన వెంటనే కుండీ ఎత్తి బరువు చూడటం. రెండు వారాలు ఇలా ఎత్తి చూస్తే ఎప్పుడు ఆరిందో చేతికే తెలిసిపోతుంది.

ఒక చిక్కు ఏమిటంటే, నీళ్ళు ఎక్కువైనా తక్కువైనా ఆకు అంచులు గోధుమరంగుకే తిరుగుతాయి. నేను మోసపోయింది అక్కడే. తేడా ఇలా తెలుసుకోండి: నీళ్ళు తక్కువైతే ఆకులు గలగలమని పొడిగా ఉంటాయి, కుండీ తేలిగ్గా ఉంటుంది. ఎక్కువైతే మొదలు దగ్గర పాత ఆకులు పసుపుబడి మెత్తగా రాలతాయి, కుండీ బరువుగా ఉన్నా మొక్క వాడినట్టు కనిపిస్తుంది. ఈ రెండో లక్షణం కనిపిస్తే నీళ్ళు ఆపి, మొక్క బయటికి తీసి, కుళ్ళిన వేర్లు కత్తిరించి, కొత్త పొడి మట్టిలో చిన్న కుండీలో పెట్టండి. పైన బాగున్న కొమ్మల నుంచి నాలుగు ముక్కలు అదే రోజు నీళ్ళలో వేసి పెట్టుకోండి, తల్లి పోయినా పిల్లలు మిగులుతాయి.

బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు గట్టి నీళ్ళు, ఆకుల మీద తెల్ల మరకలు, మట్టి మీద తెల్ల పొర వస్తుంది. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు తాగునీటిని మొక్కలకి వాడకూడదని జలమండలి నిషేధం పెట్టింది, 5,000 రూపాయల జరిమానా. అప్పటి నుంచి నేను వాననీళ్ళు, ఏసీ గొట్టంలోంచి కారే నీళ్ళు బకెట్లో పడుతున్నాను. ఏసీ నీళ్ళలో లవణాలు ఉండవు, ఆకులు తుడవడానికి చాలా బాగుంటాయి. ఆర్‌ఓ నుంచి వ్యర్థంగా పోయే నీళ్ళు మాత్రం పోయకండి, లవణాలన్నీ వాటిలోనే ఉంటాయి. బియ్యం కడిగిన నీళ్ళు నెలకోసారి కొంచెమైతే పరవాలేదు కానీ ఇంట్లో ఉన్న కుండీకి వద్దు, చిన్న చిన్న ఈగలు చేరతాయి.

ఆకుకి స్నానం, ఎర్రనల్లి

బెంగళూరులో ఐవీని చంపే రెండో శత్రువు ఎర్రనల్లి. ఫిబ్రవరి చివర గాలి పొడిబారి, రోడ్డు దుమ్ము ఆకుల మీద పేరుకోవడం మొదలవగానే వస్తుంది. పురుగు ఎంత చిన్నదంటే పెన్నుతో పెట్టిన చుక్కలో సగం ఉండదు. తెల్ల కాగితం ఆకు కింద పట్టి, ఆకుని రెండు సార్లు గట్టిగా తట్టండి. కాగితం మీద పడ్డ దుమ్ము రేణువుల్లో కొన్ని మెల్లగా కదులుతుంటే అవే. వేలితో రాస్తే సన్నగా ఎర్రటి గీత పడుతుంది. మామూలు ఐవీలో ఆకు పైన సూదితో గుచ్చినట్టు లేత చుక్కలు కనబడి ముందే తెలిసిపోతుంది. తెల్ల అంచు రకంలో ఆ చుక్కలు తెలుపులో కలిసిపోతాయి, అందుకని ఆకు మధ్యలో ఆకుపచ్చ భాగాన్నే పరీక్షగా చూడాలి. చాలామంది గూడు కట్టాక గానీ గమనించరు.

నల్లికి తడి గిట్టదు. ఎండాకాలంలో వారానికోసారి, మిగతా రోజుల్లో రెండు మూడు వారాలకోసారి ఉదయంపూట మొక్కని బాత్రూంలోకి తీసుకెళ్ళి, మట్టి మీద ప్లాస్టిక్ కవర్ చుట్టి, కుండీని పక్కకి వంచి, ఆకుల అడుగుభాగానికి తగిలేలా హ్యాండ్ షవర్‌తో కడుగుతాను. కవర్ చుట్టకపోతే మట్టి మొత్తం తడిసి మళ్ళీ పాత సమస్యే. ఉదయమే ఎందుకంటే సాయంత్రానికి ఆకులు ఆరిపోవాలి. రాత్రంతా తడిగా ఉంటే బ్యాక్టీరియా ఆకుమచ్చ వస్తుంది, నూనె మరకల్లా మొదలై చుట్టూ పసుపు వలయంతో నల్లబడుతుంది. అలాంటి ఆకుల్ని తుంచి చెత్తలో వేయండి, కుండీలో రాల్చకండి. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో ఈ స్నానం అవసరం లేదు, గాలి ఆడేలా తీగల్ని కాస్త పలుచన చేస్తే చాలు.

నల్లి వచ్చేసిందంటే బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి, మిగతావి కడిగి, లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేప నూనె, నాలుగైదు చుక్కల లిక్విడ్ సోప్ కలిపి సాయంత్రం ఎండ తగ్గాక, రాత్రిలోపు ఆరిపోయేలా ఆకుల అడుగున కొట్టండి. ఒక్కసారితో పోదు. వేడి రోజుల్లో గుడ్లు మూడు నుంచి అయిదు రోజుల్లో పొదుగుతాయి, కాబట్టి అయిదారు రోజుల తేడాతో కనీసం మూడు నాలుగు సార్లు కొట్టాలి. కొత్త మందు ముందు రెండు ఆకుల మీద కొట్టి, ఒక రోజు చూసి, తర్వాత మొత్తానికి కొట్టండి. ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందు కొనమని కొన్ని షాపుల్లో చెప్తారు. నల్లి ఎనిమిది కాళ్ళది, సాలీడు జాతి, ఆ మందుకి చావదు, కొన్నిసార్లు ఇంకా పెరుగుతుంది కూడా. పిండినల్లి కనిపిస్తే మాత్రం తేలిక, దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కటీ తుడిచేయండి.

ఎరువు గురించి చెప్పేది తక్కువే. జూన్ నుంచి జనవరి దాకా నెలకోసారి 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు) లీటరు నీళ్ళకి ఒక గ్రాము చొప్పున కలిపి తడి మట్టికి పోస్తాను, అంతే. ఎండాకాలంలో అసలేమీ వేయను. నత్రజని ఎక్కువైతే లేత చిగుళ్ళు తెగ వస్తాయి, వాటికోసం పేనుబంక వస్తుంది.

పెరట్లో, గోడ మీద

జయనగర్, మల్లేశ్వరం లాంటి పాత పేటల్లో సొంత ఇల్లు, కొంచెం మట్టి నేల ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. జూన్, జూలైలో, నేల చల్లబడ్డాక నాటండి. తూర్పు లేదా ఉత్తరం వైపు, లేదా మామిడి, సంపెంగ లాంటి చెట్టు నీడన అడుగు నుంచి అడుగున్నర దూరంలో ఒక్కో మొక్క పెడితే ఏడాదిన్నరలో నేల కప్పేస్తుంది. నీళ్ళు నిలిచే చోటైతే నాలుగంగుళాలు ఎత్తుగా మడి కట్టండి. మొదటి వేసవిలో మొదళ్ళ చుట్టూ ఎండుటాకులు పరచండి. వానాకాలంలో నత్తలు రాత్రిపూట లేత ఆకులు కొరుకుతాయి, టార్చి వేసి ఏరేయడం తప్ప మంచి మార్గం నాకు కనబడలేదు.

గోడ మీదికి ఎక్కించాలనుకుంటే ఒకటికి రెండు సార్లు ఆలోచించండి. దీని కణుపుల వేర్లు జిగురు లాంటి పదార్థం విడుదల చేసి అతుక్కుంటాయి. గట్టి సిమెంటు గోడకి పెద్దగా హాని ఉండదు, కానీ బీటలున్న గోడలో, పాత సున్నం గోడలో సందుల్లోకి దూరుతుంది. పెయింట్ వేసిన గోడ నుంచి పీకితే పెయింట్‌తో సహా వస్తుంది, మరకలు మిగులుతాయి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు గోడకి నాలుగంగుళాల ఎడంగా వెదురు తడిక గానీ ఇనుప మెష్ గానీ నిలబెట్టి దానికి పాకించండి. చెట్టు మీదికి ఎక్కుతుంటే ఛాతీ ఎత్తు దాటనివ్వకండి. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2010లో దీని అమ్మకాన్నే ఆపేసింది, అడవుల్లో చెట్లని కప్పేసి చంపుతోందని. మన వేడికి అంత చెలరేగదు గానీ చెరువు గట్ల మీదా, పార్కుల్లోనూ కత్తిరింపులు పారేయకండి.

ముక్కల నుంచి కొత్త మొక్కలు

ఇది నాకు చాలా ఇష్టమైన పని. జూలై నుంచి ఫిబ్రవరి వరకు ఎప్పుడైనా చేయొచ్చు. తెలుపు, ఆకుపచ్చ రెండూ సమంగా ఉన్న కొమ్మని ఎంచుకుని, చివరి నుంచి నాలుగైదు అంగుళాలు, కణుపుకి సరిగ్గా కింద కోయండి. కింది రెండు కణుపుల ఆకులు తీసేసి, గాజు గ్లాసులో నీళ్ళు పోసి ఆ కణుపులు మునిగేలా నిలబెట్టి, వెలుతురున్న చోట, ఎండ తగలకుండా పెట్టండి. మూడు నాలుగు రోజులకోసారి నీళ్ళు మార్చాలి. రెండు నుంచి నాలుగు వారాల్లో తెల్లటి వేర్లు వస్తాయి. ముందు కణుపు దగ్గర బియ్యపు నూకలా బుడిపెలు లేస్తాయి, మూడు రోజులాగి చూస్తే అవే దారాలవుతాయి. అంగుళం పొడవు రాగానే మట్టిలోకి మార్చేయండి, ఎక్కువ రోజులు నీళ్ళలో ఉంటే ఆ వేర్లు మట్టికి సరిపడవు. అయిదంగుళాల కుండీలో అయిదారు ముక్కలు కలిపి నాటండి, ఒక్కటే నాటితే ఏడాదైనా తోకలా ఒంటరిగా వేలాడుతుంది.

ఇంకా తేలికైనది నేల అంటు. తల్లి కుండీ పక్కనే చిన్న కుండీలో మట్టి నింపి పెట్టి, తీగని దాని మీద పరిచి, ఒక కణుపుని జడపిన్నుతో మట్టికి నొక్కి పట్టండి. నెలన్నరలో అక్కడ వేరు దిగుతుంది, అప్పుడు తల్లి వైపు కత్తిరించండి. కొత్తవాళ్ళకి దీంట్లో తప్పు జరిగే అవకాశమే తక్కువ.

కత్తిరించేటప్పుడు గ్లోవ్స్ వేసుకోండి. దీని రసంలో ఉండే ఫాల్కారినాల్ కొందరి చర్మానికి పడదు, దురద, దద్దుర్లు వస్తాయి. ఆకులు, కాయలు తింటే విషం, కడుపునొప్పి, వాంతులు అవుతాయి. పాకే పసిపిల్లలు, కుక్కలు, పిల్లులు ఉన్న ఇంట్లో వేలాడే కుండీలో, అందని ఎత్తులో పెట్టండి, లేదా వేరే మొక్క చూసుకోండి. ఇంకోటి, ఐవీ ఇంట్లో గాలి శుభ్రం చేస్తుందని చెప్పి అమ్ముతారు. ఆ మాటకి మూలం 1989లో నాసా చేసిన ప్రయోగం, అది గాలి బయటికి పోని మూసిన పెట్టెల్లో చేసింది. 2019లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం మామూలు ఇంట్లో కిటికీల గాలి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకి కనీసం 10 మొక్కలు కావాలి. ఈ మొక్కని దాని అందం కోసమే తెచ్చుకోండి.

ఊరెళ్ళేటప్పుడు ఏం చేయాలని సంక్రాంతి ముందు మా గ్రూపులో ప్రతి ఏడాదీ అడుగుతారు. జనవరిలో టెన్షన్ పడక్కర్లేదు, వెళ్ళే ముందు నిండుగా నీళ్ళు పోసి, పళ్ళెం ఖాళీ చేసి, ఎండ తగలని చోట కుండీలన్నీ దగ్గరదగ్గరగా చేరిస్తే పది రోజులు ఉంటుంది. మే నెల సెలవులైతే బాత్రూం కిటికీ దగ్గరికి మార్చి, మూడు రోజులకోసారి వచ్చి వేలు గుచ్చి చూసి నీళ్ళు పోసేవాళ్ళకి తాళం ఇచ్చి వెళ్ళండి. రోజూ పోస్తామన్నవాళ్ళకి మాత్రం ఇవ్వకండి.